చెరువుకో చెయ్యి, బిల్డింగుకో చెయ్యి వద్దు

రాజమండ్రి

అమ్మలూ,

నువ్వు పంపిన బొమ్మలు ఫోన్‌లో చూసి సరిపెట్టుకోలేదు. మీ బావ చేత టీవీకి పెట్టించి, చెట్లూ చెరువులూ ఉన్నవి ముందు, రోడ్లూ బిల్డింగులూ ఉన్నవి తర్వాత, తీరిగ్గా చూశాను. కింద నీ సంతకం లేకపోతే ఇద్దరు మనుషులు వేశారనే అనుకుంటాను. చెట్టు దగ్గర నీ కుంచె తడిగా, ధైర్యంగా తిరిగింది. బిల్డింగు దగ్గరికి వచ్చేసరికి స్కేలు తీశావు. కిటికీ ఒక్కటి కూడా వదల్లేదు. ఆ కాగితం పట్టుకెళ్ళి మున్సిపాలిటీలో ప్లాను పాస్ చేయించుకోవచ్చు.

"నేచరా, సిటీనా, ఏదో ఒకటి తేల్చుకోకపోతే స్టైల్ రాదంటున్నారు మావయ్యా" అని రాశావు. నన్నడిగితే రెండూ వెయ్యి. కానీ ఒకే చేత్తో వెయ్యి. స్టైల్ అంటూ వస్తే అక్కడి నుంచే వస్తుంది.

అసలు నువ్వున్న హైదరాబాదులో ఈ రెండూ విడివిడిగా దొరకవు కూడా. ఖాజాగూడ గుట్టల మీద నిలబడి చూడు. ముందు రాళ్ళు, రాళ్ళ సందుల్లో పొదలు, వాటి వెనక టవర్లు, టవర్ల నెత్తిన క్రేన్లు. దుర్గం చెరువు దగ్గరైతే నీళ్ళ మీద తీగల వంతెన, 2020లో తెరిచారు, దాని పక్కనే అవే పాత రాళ్ళు. నువ్వేం చేశావు? చెరువు బొమ్మలో వంతెన తీసేశావు. వంతెన బొమ్మలో రాళ్ళు తీసేశావు. కళ్ళ ముందు ఒక్కటిగా ఉన్నదాన్ని రెండు ముక్కలు చేసి, ముక్కకో చెయ్యి వాడావు. చెరువు బొమ్మ క్యాలెండర్‌కి పనికొస్తుంది, వంతెన బొమ్మ బ్రోచర్‌కి పనికొస్తుంది. నీ ఊరు మాత్రం రెండింటిలోనూ లేదు.

సూర్యప్రకాష్ గారి బొమ్మలు చూశావా? 2019లో పోయారు. మధిర నుంచి వచ్చిన మనిషి, ఢిల్లీ వెళ్ళి పెయింటరు రామ్‌కుమార్ దగ్గర కొంతకాలం పనిచేసి, హైదరాబాదులో స్థిరపడ్డాడు. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఆయన బొమ్మలు ఉన్నాయి. నీకు తెలిసినవి బహుశా కొలనులు, రాలిన ఆకులు, నీళ్ళలో విరిగిన ఆకాశం. అంతకు చాలా ముందు ఆయన వేసినవి తుక్కు కార్లు, తుప్పు పట్టిన ఇనుము. జనం దీన్ని రెండు దశలంటారు, పట్నం వదిలి ప్రకృతి దగ్గరికి వెళ్ళాడంటారు. నాకు అలా అనిపించదు. గాలీ నీరూ ఇనుము మీద చేసే పనిని తుప్పు అంటాం. రాలిన ఆకు మీద కూడా అవే పనిచేస్తాయి. రేకు సొట్టపోయినచోట వెలుగు ఎలా విరుగుతుందో చూసిన కన్నే ఆకు ముడుచుకున్నచోట కూడా చూసింది. ఆ రెండు రకాల బొమ్మల్నీ పక్కపక్కన పెట్టి, వస్తువుల పేర్లు మర్చిపోయి చూడు. చెయ్యి మారలేదు.

ఆయన గురువు రామ్‌కుమార్‌ది ఇంకో దారి. 1960 ప్రాంతంలో పెయింటరు ఎం.ఎఫ్. హుస్సేన్‌తో కలిసి కాశీ వెళ్ళాడు. అంతకు ముందు ఆయన బొమ్మల్లో పట్నంలో దిక్కుతోచక నిలబడ్డ మనుషులు ఉండేవాళ్ళు. కాశీ తర్వాత మనుషులు పోయారు. ఇళ్ళు, మెట్లు, నది, అన్నీ ఒకదానికొకటి ఆనుకున్న రంగు ముక్కలయ్యాయి. తర్వాత తర్వాత వేసిన వాటిలో ఏది గట్టో ఏది కొండచరియో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. నువ్వు అంత దూరం వెళ్ళాలని కాదు. గోడని చూసే శ్రద్ధతోనే కొండనీ చూస్తే ఎక్కడిదాకా వెళ్ళొచ్చో తెలియాలని చెబుతున్నాను.

ఇక పని సంగతి.

ముందు టోన్, అంటే వెలుగునీడల మోతాదు. రంగుల పెట్టె ముట్టుకోకుండా, 4బి పెన్సిలో బొగ్గు ముక్కో తీసుకుని, అరచేతంత కాగితం మీద మూడే మూడు టోన్లలో స్కెచ్ వెయ్యి. తెలుపు, మధ్యస్థం, నలుపు. కళ్ళు సగం మూసి చూడు. సగం మూసిన కంటికి కిటికీలు కనపడవు, ఆకులు కనపడవు. ముద్దలు కనపడతాయి. అప్పుడు నీకొక సంగతి తెలుస్తుంది. గుట్ట నీడా, దాని కిందున్న కాంపౌండ్ వాల్ నీడా, ఆ గోడ పక్కన ఆపిన వాటర్ ట్యాంకర్ నీడా కలిసిపోయి ఒకే ఆకారంగా ఉంటాయి. దాన్ని ఒకే ఆకారంగా, ఒకే వాష్‌లో (నీళ్ళు బాగా కలిపిన పల్చటి పూతలో), కుంచె ఎత్తకుండా వెయ్యి. ఇది రాయి నీడ, ఇది గోడ నీడ అని విడదీశావా, మళ్ళీ రెండు చేతులు మొదలవుతాయి. నీ బొమ్మలు అతకకపోవడానికి సగం కారణం ఇదే. వస్తువు వస్తువుకీ చుట్టూ గీత గీసి, లోపల రంగు నింపుతున్నావు.

ఆకాశం ఎప్పుడూ అన్నిటికంటే తెల్లగా ఉంటుందని కూడా అనుకోకు. ఉదయం ఎండ తగిలిన కొత్త అపార్ట్‌మెంటు తెల్లగోడ ఆకాశం కంటే తెలుపు. నడి ఎండలో తారురోడ్డు నువ్వు వేసినంత నల్లగా ఉండదు, దుమ్ము పట్టి బూడిదరంగులో వెలుగుతుంటుంది. నల్లగా ఉండేవి వేరే. డాబాల మీద సింటెక్స్ ట్యాంకులు, కార్ల కింద నీడ, మర్రిచెట్టు లోపలి భాగం. ఇవి బొమ్మలో ఎక్కడెక్కడ పడుతున్నాయో ముందే చూసుకో. చూసేవాళ్ళ కన్ను మొదట అక్కడికే పోతుంది.

ఇప్పుడు రాళ్ళ గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే హైదరాబాదులో ఉండి రాయి వెయ్యడం రాకపోతే ఎలా. ఆ గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. భూమి లోపల ఉన్నప్పుడే దానిలో పగుళ్ళు పడ్డాయి, అవి కూడా ఒకదానికొకటి ఇంచుమించు అడ్డంగా, మూడు దిక్కుల్లో. అంటే మొదట అవి దిమ్మలు. నీరు ఆ పగుళ్ళలోకి దిగి దిమ్మల్ని అరగదీసింది. మూల దగ్గర మూడు వైపుల నుంచీ అరుగుతుంది, అంచు దగ్గర రెండు వైపుల నుంచి, ముఖం మీద ఒక్క వైపు నుంచే. అందుకని మూలలు ముందు పోయి, మిగిలింది గుండు అయింది. కాబట్టి గుండ్రటి రాయి వేసేటప్పుడు ముందు పెట్టె గియ్యి. పైముఖం ఏది, పక్క ముఖం ఏది, ఏది ఎండలో ఉంది, ఏది నీడలో ఉంది, తేల్చుకో. ఆ తర్వాత మూలలు అరగదియ్యి. నువ్వు వేసిన రాళ్ళు బరువు లేకుండా తేలుతున్నాయంటే లోపల పెట్టె లేకపోవడం వల్లే.

బిల్డింగుకి తిరగేసి చెయ్యాలి. అక్కడ పెట్టె ఎలాగూ కనపడుతోంది, ఎవరూ చెప్పక్కర్లేదు. అది ఎక్కడ కరిగిపోతోందో వెతుక్కో. ఎండ వైపు అంచు ఆకాశంలో కలిసిపోతుంది. కింది అంతస్తులు దుమ్ములోకీ చెట్లలోకీ పోతాయి. పిట్టగోడ మీంచి వాన నీరు కారినచోట నల్లటి చారలు పడతాయి. గుట్టల మీద రాళ్ళకి కూడా సరిగ్గా అలాంటి చారలే ఉంటాయి, వాన నీరు దిగే దారిలో. రాయి మీద ఆ చార వెయ్యడం నీకు బాగా వచ్చు, ఖాజాగూడ బొమ్మలో చూశాను. అదే కుంచె, అదే తడి, అదే వేగంతో గోడ మీద కూడా వెయ్యి. స్కేలు ఇంట్లో వదిలేసి వెళ్ళు. నిటారు గీత కాస్త వంకర పోతే పోనీ, బిల్డింగు పడిపోదు. మొత్తం బొమ్మలో రెండు మూడు నిలువు గీతలు నిటారుగా ఉంటే చాలు, మిగతావాటిని చూసేవాళ్ళ కన్నే సరిచేసుకుంటుంది.

అద్దాల బిల్డింగులంటే భయమని రాశావు. ఎందుకు? అద్దానికి సొంత రంగు చాలా తక్కువ. ఎదురుగా ఉన్న ఆకాశాన్నీ, పక్క బిల్డింగునీ చూపిస్తుంది, అంతే. నీటిని ఎలా వేస్తావో అలా వెయ్యి. ఆకాశపు రంగే ఒక మెట్టు ముదురుగా వేసి, అది తడిగా ఉండగానే మేఘం వదులు. ఆరిన తర్వాత అంతస్తుల గీతలు కొన్ని తగిలించు, అన్నీ వద్దు. పెద్ద పెద్ద ఐటీ టవర్ల మీద సాయంత్రం పూట మంచి ల్యాండ్‌స్కేప్‌లు ఉంటాయి, వాటి పక్కనున్న ఆకాశంలో కూడా అంత బాగా ఉండవు.

వాన పడ్డ రోడ్డుకీ చెరువుకీ కూడా సూత్రం ఒక్కటే. ప్రతిబింబం వస్తువు కింద నిటారుగా, నీ వైపు దిగుతుంది, పక్కకి పోదు. నీడ మాత్రం సూర్యుడు ఎటుంటే దానికి వ్యతిరేకంగా పోతుంది. ఈ రెండింటినీ నువ్వు ఒక బొమ్మలో కలిపేశావు. తెల్లటి వస్తువు ప్రతిబింబం అసలు వస్తువు కంటే కొంచెం ముదురుగా, నల్లటి దాని ప్రతిబింబం కొంచెం లేతగా ఉంటుంది. అలలున్న చెరువులోనూ గరుకు రోడ్డు మీదా అది సాగి పొడుగవుతుంది. చెరువు దగ్గర నేర్చుకున్నది రోడ్డు మీద వాడుకోవచ్చు, సిగ్నల్ లైటు ఎర్రటి చారతో సహా.

రంగుల విషయం. నీ ఆకుపచ్చ ట్యూబు ఎవరికైనా ఇచ్చేయ్. అది ఏ చెట్టుదీ కాదు. ఆల్ట్రామెరీన్, సెరూలియన్ అనే రెండు నీలాలు, ఎల్లో ఓకర్ అనే మట్టి పసుపు, ఒక లెమన్ ఎల్లో, బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమరంగు, ఇటుక ఎరుపులాంటి లైట్ రెడ్. వీటితో ఏడాది పనిచెయ్యి. ఆల్ట్రామెరీన్‌లో బర్న్ట్ సియెన్నా కలిపితే వచ్చే బూడిదరంగుని ఎటు కావాలంటే అటు లాగొచ్చు. నీలం వైపు లాగితే ఫ్లైఓవర్ స్తంభం, ఎరుపు వైపు లాగితే గ్రానైటు. రాయీ సిమెంటూ ఒకే రెండు ట్యూబుల్లోంచి వచ్చాయనుకో, అవి బొమ్మలో చుట్టాలవుతాయి. పైగా ఆల్ట్రామెరీన్ రేణువులు కాగితం గుంటల్లోకి దిగి పేరుకుంటాయి, ఆ గరుకుదనం రాయికీ సరిపోతుంది, పూత రాలిన గోడకీ సరిపోతుంది. అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపు ఎంత ముద్దుగా ఉన్నా కొనకు, వెలుతురులో వెలిసిపోతుంది. స్వచ్ఛమైన రంగు ఏదైనా కూరలో ఉప్పులాగే పడాలి. ఆటో పసుపు, కట్టే బిల్డింగుకి వేలాడేసిన ఆకుపచ్చ వల, నీలం టార్పాలిన్, ఇలాంటివి ఒకటి రెండు చోట్ల.

చెట్ల పచ్చదనం నెల నెలకీ మారుతుంది కాబట్టి బొమ్మలో నెల తెలియాలి. రావి చిగురు రాగిరంగు, వేప చిగురు ఎరుపు తిరిగి ఉంటుంది, కానుగ కొత్తాకు నిమ్మపండు రంగులో మెరుస్తుంది. వానలకు ముందు రోడ్డు పక్క చెట్లన్నీ దుమ్ము కొట్టుకుపోయి బిల్డింగుల రంగులోనే ఉంటాయి. మొదటి వానకి చెట్టు ఒక్కటే కడుక్కుని బయటపడుతుంది. హైదరాబాదు ల్యాండ్‌స్కేప్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన వారం అదే.

ఎండ. హైదరాబాదు 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కదా, మే రెండో వారం ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఇంకోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలబెట్టిన కర్రకి నీడ ఉండదు. ఆ రోజుల్లో మధ్యాహ్నం పూట రాయికీ బిల్డింగుకీ పక్క ముఖం అనేదే తెలియదు, అంతా చదును. తెల్లారి వెళ్ళు, ఎనిమిదిన్నరకల్లా లేచి వచ్చేయ్. మళ్ళీ నాలుగున్నర తర్వాత. మేలో వాష్ వేస్తుండగానే ఆరిపోతుంది, కాగితం వెనక కూడా తడుపుకో, 300 జీఎస్‌ఎం మందం కాటన్ పేపరు వాడు, పల్చటిది వంకర్లు పోతుంది. ఇక్కడ గోదావరి ఒడ్డున నాకు వ్యతిరేకమైన తిప్పలు, ఆగస్టులో ఎంతసేపైనా ఆరదు. గాలి కూడా వేరు. ఇక్కడ తేమకి అవతలి ఒడ్డు నీలంగా, మెత్తగా దూరమవుతుంది. మీ దగ్గర వేసవిలో దూరం దుమ్ముతో పాలిపోయి కాస్త పసుపు తిరుగుతుంది. దూరం అంటే నీలం అని పుస్తకంలో చదివినది అక్కడ వేశావు, అందుకే నీ టవర్లు ఊటీలో ఉన్నట్టున్నాయి.

కాన్‌స్టబుల్ అనే ఇంగ్లండు పెయింటరు 1821, 22లో లండన్ పక్కన హ్యాంప్‌స్టెడ్‌లో మేఘాలు మాత్రమే ఉన్న బొమ్మలు ఎన్నో వేశాడు. చాలావాటి వెనక తేదీ, టైము, గాలి ఏ దిక్కు నుంచి వస్తోందో రాసి పెట్టాడు. నువ్వూ రాయి. తేదీ, టైము, ఎటు తిరిగి కూర్చున్నావో, నిన్న వాన పడిందో లేదో. ఏడాది తర్వాత వాటిని తిరగేస్తే, ఏ క్లాసులోనూ చెప్పనిది అందులో దొరుకుతుంది.

ఫోటోల సంగతికొస్తే, తీసుకో, కానీ దాన్ని నమ్మకు. ఫోను లెన్సు వెడల్పుగా చూస్తుంది కాబట్టి దూరపు గుట్ట చిన్నదైపోతుంది, దగ్గరి స్తంభం రాక్షసుడవుతుంది. నీడలు నల్లగా పూడిపోతాయి. నీ కంటికి ఆ గుట్ట ఎంత పెద్దగా అనిపించిందో స్కెచ్‌లో ఉంటుంది, ఫోటోలో ఉండదు. వంతెన రెయిలింగు ఎలా ఉందో చూసుకోవడానికి ఫోటో, మిగతాదంతా స్కెచ్‌బుక్.

ఇక్కడొక మాట. చూసినచోటి నుంచి చూసినట్టే వెయ్యాలని రూలేం లేదు. వేన్ థీబో అని కాలిఫోర్నియా పెయింటరు, 2021లో నూటొక్క ఏళ్ళకి పోయాడు. శాన్‌ఫ్రాన్సిస్కో ఏటవాలు వీధులు వేశాడు. మొదట వీధిలో నిలబడి గీసుకునేవాడు, కానీ ఒక్కచోటి నుంచి చూసిందానిలో ఆ వాలు ఎక్కినప్పటి గుండెదడ రాలేదు. స్టూడియోలో నాలుగైదు చూపుల్ని కలిపి, వీధిని గోడలాగా నిలబెట్టాడు. అదే మనిషి తర్వాత శాక్రమెంటో నది పక్క పొలాల్ని కూడా అలాగే, పై నుంచీ పక్క నుంచీ ఒకేసారి చూసినట్టు వేశాడు. వీధికి కనిపెట్టిన పద్ధతి పొలానికి పనికొచ్చింది చూశావా.

మన దేశంలో సుధీర్ పట్వర్ధన్ అనే పెయింటరు ఉన్నాడు. ఆయన్ని నువ్వు ప్రత్యేకంగా చూడాలి, ఎందుకంటే ఉద్యోగం మానేస్తే తప్ప ఆర్టిస్టుని కాలేనని ఉత్తరం చివర్లో ఏడ్చావు. ఆయన డాక్టరు. ముంబై పక్కన ఠాణేలో రేడియాలజిస్టుగా 1975 నుంచి 2005 దాకా ప్రాక్టీసు చేస్తూనే బొమ్మలు వేశాడు. ఠాణే, లోయర్ పరేల్, ఉల్హాస్‌నగర్, తను తిరిగిన చోట్లే వేశాడు. ఒక్కో పెద్ద కాన్వాసులో రైలు పట్టాలు, వంతెన, కార్మికులుండే చాల్ ఇళ్ళ వరసలు, వెనక కొండ, అన్నీ వేరువేరు చోట్ల నుంచి చూసినవి ఒకేచోట కుదురుకుంటాయి. ఊళ్ళో నడిచేవాడి కన్ను అది. ఉద్యోగానికి వెళ్ళే దారి నీకూ ఉంది, రోజూ మెట్రో కిటికీలోంచి చూస్తూనే ఉంటావు. ఆ దారినే వెయ్యి. అరకు ట్రిప్పు వద్దు. ముందు ఇంటికి నడిచి వెళ్ళగలిగిన దూరంలో ఒక్క చోటు పెట్టుకుని నాలుగు కాలాల్లోనూ అక్కడికే వెళ్ళు. అరకు ఎక్కడికీ పోదు.

పెద్ద బొమ్మ వెయ్యాలనుంది, ఫ్లాట్‌లో చోటు లేదంటావా? డేవిడ్ హాక్నీ 2007లో ఇంగ్లండులో యార్క్‌షైర్‌లోని వార్టర్ అనే పల్లె దగ్గర చెట్లని 50 కాన్వాసుల మీద వేశాడు. అన్నీ కలిపితే 12 మీటర్ల వెడల్పు. ఒక్కో కాన్వాసు బండిలో పట్టేంతే. బయటే, చెట్ల ముందే వేసి, ఇంటికొచ్చాక ఫోటోలు తీసి కంప్యూటర్‌లో అతికించి మొత్తం ఎలా వస్తోందో చూసుకునేవాడు. నువ్వు నాలుగు ఫుల్ షీట్లతో మొదలుపెట్టు. ఒక షీటు రాళ్ళు, ఒకటి నీళ్ళు, ఒకటి వంతెన, ఒకటి టవర్లు అని పంచుకోకు మళ్ళీ. ప్రతి షీటులోనూ రాయీ ఉండాలి, సిమెంటూ ఉండాలి.

కరెంటు తీగలు పెట్టాలా తీసెయ్యాలా అని అందరూ అడిగేదే. పనిచేసేవి ఉంచు. ఒక తీగ కన్నుని లోపలికి తీసుకెళ్తుంది, ఒక స్తంభం చెట్టు ఎంత ఎత్తో చెబుతుంది. మిగతావి వదిలెయ్. మనుషుల విషయంలో ఒక చిట్కా ఉంది. నువ్వు నిలబడి వేస్తుంటే, చదునైన నేల మీద నీ అంత ఎత్తున్న మనుషులు ఎంత దూరంలో ఉన్నా వాళ్ళ తలలు నీ కంటి ఎత్తున అడ్డంగా ఊహించుకునే గీత మీదే ఉంటాయి. కాళ్ళు మాత్రమే పైకి జరుగుతాయి. ఇది పాటిస్తే నీ ట్యాంక్‌బండ్ జనం గాల్లోకి లేవరు.

ఎండిపోయిన చెట్టు, వెనక క్రేన్, ఎర్రటి ఆకాశం వేసి "అభివృద్ధి" అని పేరు పెట్టావు చూడు, అది నాకు నచ్చలేదు. గుట్టలు పేలుస్తున్నారని నీకు కోపం ఉంది, నాకూ ఉంది. కానీ ఆ బొమ్మ చూసినవాడు అయ్యో అనుకుని పక్కకి పోతాడు, అందులో చూడటానికి ఏమీ లేదు. క్రేన్‌ని కూడా ప్రేమగా చూసి వెయ్యి, దాని నడుము ఎంత సన్నగా, ఎంత తెలివిగా అల్లి ఉంటుందో. దాని పక్కన సగం పేల్చిన గుట్టని అంతే ప్రేమగా వెయ్యి. పేల్చినచోట లోపలి రాయి పచ్చిగా, గులాబీరంగులో ఉంటుంది, పైన బూడిదరంగు పెంకు మిగిలి ఉంటుంది. ఆ రెండు రంగులు, క్రేన్, గుట్టల సైజులు పక్కపక్కన ఉంటే చాలు. పేరు కింద చోటూ నెలా రాసి ఊరుకో.

బయట కూర్చుంటే జనం మూగుతారని టెన్షన్ పడకు. వాళ్ళకి కావాల్సింది ఒక్కటే, నువ్వు దేనికొచ్చావో తెలియాలి. బస్తీలో కాగితం తీసి ఇళ్ళకేసి చూస్తూ గీస్తే రోడ్డు వెడల్పు సర్వే అనుకుంటారు. ఇప్పుడైతే చెరువు పక్కన కూర్చుంటే, ఆక్రమణలు కూల్చే హైడ్రా వాళ్ళనుకుంటారు కూడా. ముందే టీ కొట్టు దగ్గర టీ తాగి, బొమ్మలు వేసుకుంటానన్నా అని చెప్పి కూర్చో. ఆ టీ కొట్టాయనే మిగతావాళ్ళకి చెబుతాడు. క్యాంపస్‌ల గేటు ముందు సెక్యూరిటీతో వాదించకు, రోడ్డు అవతలికి వెళ్తే కాంపోజిషన్ ఎలాగూ మెరుగవుతుంది. వీలైతే తోడు తీసుకెళ్ళు. ఇది మావయ్యగా చెబుతున్నాను, పెయింటరుగా కాదు.

సంక్రాంతికి వస్తానన్నావుగా, రెండు రోజులు ఎక్కువ ఉండేలా రా. దామెర్ల రామారావు గ్యాలరీకి వెళ్దాం. 1925లో, 28 ఏళ్ళు నిండకుండానే మశూచితో పోయాడు, ఆ వయసులోనే అంత పని చేశాడు. ఆయన మనుషుల బొమ్మల గురించే అందరూ మాట్లాడతారు, నువ్వు ల్యాండ్‌స్కేప్‌లు చూడు, వెలుగుని ఎంత పొదుపుగా వాడాడో. అక్కడి నుంచి గట్టుకి వెళ్ళి వంతెనలు వేద్దాం. పాత హేవలాక్ వంతెన, రోడ్డూ రైలూ కలిసి నడిచే వంతెన, ఆర్చ్ వంతెన, మూడూ నీళ్ళ మీదే ఉంటాయి. అవి తీసేసి గోదావరి వెయ్యమంటే నేను ఒప్పుకోను.

వచ్చేటప్పుడు ఫ్రేములు కట్టించినవి మోసుకురాకు. బాగా రాలేదని బీరువాలో దాచినవి తీసుకురా, మాట్లాడుకోవడానికి అవే పనికొస్తాయి. టోన్ స్కెచ్‌లు చించెయ్యకుండా అన్నీ తే. ఇంకోటి, నా లైట్ రెడ్ ట్యూబు అయిపోయింది, ఇక్కడ మంచిది దొరకడం లేదు. అక్కడ ఎక్కడైనా దొరికితే రెండు పట్టుకురా, డబ్బులు మీ అత్తయ్య ఇస్తుంది.

మీ మావయ్య